మొబిలిటీ స్కూటర్: నిర్మాణం, రకాలు, ఎంపిక

నాలుగడుగులు వేయగలిగినా ఎక్కువ దూరం నడవలేనివారు కూర్చుని తామే నడుపుకొనే చిన్న బ్యాటరీ బండిని మొబిలిటీ స్కూటర్ అంటారు. మూడు లేదా నాలుగు చక్రాలు, కుర్చీలాంటి సీటు, పాదాలు ఆనించే చదును పలక, ఎదురుగా నిలువు కడ్డీ, దానిపై హ్యాండిల్ ఇందులోని ప్రధాన భాగాలు. చాలా నమూనాల గరిష్ఠ వేగం గంటకు 6 నుంచి 13 కిలోమీటర్లు. మోకాళ్ల అరుగుదల, కీళ్లవాతం, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్, పోలియో మిగిల్చిన బలహీనత ఉన్నవారు దీన్ని ఎక్కువగా వాడతారు.

పేరు, పరిధి

తెలుగువారికి స్కూటర్ అంటే రెండు చక్రాల పెట్రోలు బండి. అందుకే ఈ పేరు వినగానే పొరబడే అవకాశం ఎక్కువ. మన వీధుల్లో కనిపించే, వెనక రెండు పక్క చక్రాలు బిగించిన స్కూటీ మొబిలిటీ స్కూటర్ కాదు. అది రోడ్డు మీద తిరిగే మోటారు వాహనం. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉండాలి (చూ. భారతదేశంలో చట్టం). చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు, దానికి మోటారు పెట్టిన రకం కూడా వేరే కోవలోవి.

ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్‌కూ దీనికీ తేడా నడిపే తీరులో ఉంది. వీల్‌చెయిర్‌ను చేతికింద ఉండే జాయ్‌స్టిక్‌తో, వేళ్ల కదలికతోనే నడపవచ్చు. స్కూటర్‌ను నడపాలంటే రెండు చేతులూ ముందుకు చాచి హ్యాండిల్ తిప్పాలి. ఈ ఒక్క తేడా వల్లే కొందరికి స్కూటర్ సరిపోతుంది, కొందరికి అసలు పనికిరాదు. యూరప్‌లో ఇది కోర్టుదాకా వెళ్లింది. విడిగా స్టీరింగ్ కడ్డీ ఉన్న ఇలాంటి బండ్లు సుంకాల పట్టికలో వికలాంగుల బండ్ల కిందికి కాక ప్యాసింజర్ వాహనాల కిందికి వస్తాయని 2010లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

చరిత్ర

కదలలేనివారి బండ్ల చరిత్రలో మొదటి పెద్ద మలుపు మడిచే వీల్‌చెయిర్. గని ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడిన అమెరికన్ ఇంజినీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో దాన్ని తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం కెనడాకు చెందిన జార్జ్ క్లైన్ ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్‌ను రూపొందించాడు. 1950ల మధ్యకల్లా ఎవరెస్ట్–జెన్నింగ్స్ సంస్థ అలాంటివాటిని మార్కెట్‌లోకి తెచ్చింది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. 1948 నుంచి అక్కడి ప్రభుత్వం వికలాంగులకు ఇన్వాకార్ అనే లేత నీలిరంగు మూడు చక్రాల చిన్న కారును ఇచ్చేది. అందులో ఒక్కరే కూర్చోగలిగేవారు, అది పెట్రోలుతో నడిచేది. భద్రత ప్రమాణాలకు అది నిలవలేదు. 2003 మార్చి 31 నుంచి రోడ్లమీద తిరగడాన్నే నిషేధించారు.

నేటి స్కూటర్ పుట్టింది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో. బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్లో ప్లంబింగ్ పనులు చేసే అలన్ థీమ్, మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో నడక కోల్పోతున్న తన కుటుంబసభ్యురాలి కోసం 1968లో ఒక బ్యాటరీ బండి కట్టాడు. దానికి అమిగో అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో స్నేహితుడని అర్థం. వీల్‌చెయిర్ చూడగానే ఆసుపత్రి గుర్తొచ్చే కాలంలో, రోగి బండిలా కనిపించని బండి కావాలన్నది ఆ పేరులోనే ఉంది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా, బ్రిటన్, తైవాన్, జపాన్ తయారీదారులు ఈ రంగంలోకి వచ్చారు. జపాన్‌లో సుజుకీ ఈ బండిని సీనియర్ కార్ అనే పేరుతో అమ్ముతోంది.

బ్రిటన్‌లో మోటబిలిటీ పథకం 1977లో మొదలైంది. అర్హులైన వికలాంగులు తమ భత్యాన్ని చెల్లించి కారు గానీ స్కూటర్ గానీ ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ గానీ లీజుకు తీసుకోవచ్చు. బజారుకు వచ్చినవారికి కాసేపు స్కూటర్ ఇచ్చే షాప్‌మొబిలిటీ కేంద్రం 1979లో మిల్టన్ కీన్స్‌లో తొలిసారి తెరుచుకుంది. ఇలాంటి కేంద్రాల్లో కొనకముందే రకరకాల బండ్లు నడిపి చూసే వీలు దొరికింది.

నిర్మాణం, పనితీరు

నడిపే భాగం. హ్యాండిల్ కింద అటూ ఇటూ చిన్న లీవర్లు ఉంటాయి. ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే బండి ముందుకు, రెండోదాన్ని నొక్కితే వెనక్కి పోతుంది. వెనక్కి పోయేటప్పుడు చాలావాటిలో బీప్ శబ్దం వస్తుంది. గేర్లు లేవు, క్లచ్ లేదు. గరిష్ఠ వేగాన్ని ముందే నిర్ణయించే గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. దానికి ఒక చివర తాబేలు బొమ్మ, మరో చివర కుందేలు బొమ్మ ఉంటాయి. ఏ భాష చదవలేనివారైనా తాబేలు, కుందేలు పందెం కథ తెలిస్తే చాలు, మీట అర్థమవుతుంది. ఇంట్లో నడిపేటప్పుడు తాబేలు వైపే ఉంచాలి. బొటనవేలి కీలు నొప్పి ఉన్నవారు లీవరును ఎక్కువసేపు నొక్కి ఉంచలేరు. వారికోసం హ్యాండిల్‌ను చుట్టూ వంచి, మిగతా వేళ్లతోనో అరచేతితోనో లాగే వీలున్న రకం దొరుకుతుంది.

బ్రేకు. ఇక్కడ బ్రేకు అంటే లీవరు వదిలేయడమే. వేలు తీయగానే కంట్రోలర్ మోటారును నెమ్మదింపజేస్తుంది. బండి ఆగాక విద్యుదయస్కాంత బ్రేకు బిగుసుకుంటుంది. కరెంటు లేనప్పుడు బిగుసుకుని, కరెంటు అందినప్పుడు వదులయ్యేలా దీన్ని చేస్తారు. అందుకే బ్యాటరీ పోయినా బండి జారదు. ఏళ్ల తరబడి బైకో కారో నడిపినవారికి ఇది కొత్త. కంగారులో బ్రేకు నొక్కుతున్నామనుకుని లీవరునే గట్టిగా పట్టుకుంటారు, బండి ఇంకా ముందుకే పోతుంది. నేర్పేటప్పుడు మొదట అలవాటు చేయాల్సింది చెయ్యి వదలడమే.

ఫ్రీవీల్ లీవరు. బ్యాటరీ అయిపోతే బండిని నెట్టుకెళ్లడానికి వెనక చక్రాల దగ్గర ఒక లీవరు ఉంటుంది. దాన్ని మారిస్తే మోటారుతో లంకె తెగుతుంది, బండి సులువుగా కదులుతుంది. అయితే ఆ స్థితిలో బ్రేకు పనిచేయదు. వాలులో ఆగి ఉన్నప్పుడు, మనిషి సీటులో ఉండగా ఈ లీవరు జోలికి వెళ్లకూడదు.

సీటు. చాలా నమూనాల్లో సీటు పక్కకు తిరిగి ఒక్కో కోణంలో బిగుసుకుంటుంది. మోకాళ్లు వంచడం కష్టమైనవారికి ఇది చాలా అవసరం. కడ్డీకి ఎదురుగా కాలు ఎత్తి ఎక్కడం కంటే, సీటును పక్కకు తిప్పి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత ముందుకు తిరగడం తేలిక.

శక్తి మూలం

సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఎక్కువ బండ్లలో సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఉంటాయి. తేలిక రకాల్లో, మడిచే రకాల్లో లిథియం అయాన్ బ్యాటరీలు పెరుగుతున్నాయి. లెడ్ యాసిడ్ బరువెక్కువ, ధర తక్కువ. లిథియం బరువు తక్కువ, ధర ఎక్కువ.

బ్యాటరీ సామర్థ్యాన్ని ఆంపియర్ అవర్లలో చెబుతారు. చిన్న ప్రయాణ రకాల్లో 12, మధ్యరకాల్లో 35 దగ్గర, పెద్దవాటిలో 75 లేదా అంతకుమించి ఉంటుంది. ఒకసారి ఛార్జి చేస్తే ఇవి వరుసగా సుమారు 12 నుంచి 15, 20 నుంచి 25, 40 నుంచి 50 కిలోమీటర్లు పోతాయని తయారీదారులు చెబుతారు. ఇది చదునైన నేల మీద, కొత్త బ్యాటరీతో, మధ్యస్థ బరువున్న మనిషి నడిపితే వచ్చే లెక్క. వాలు ఎక్కినా, బరువు పెరిగినా, బ్యాటరీ పాతబడినా దూరం తగ్గుతుంది. కరపత్రంలోని దూరంలో సగం దగ్గర వెనక్కి తిరగడం తెలివైన అలవాటు.

లెడ్ యాసిడ్ బ్యాటరీని వాడిన ప్రతిరోజూ రాత్రి ఛార్జి పెట్టాలి. నిండుగా చేయడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. ఖాళీ చేసి వారాల తరబడి వదిలేస్తే అది పాడవుతుంది. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగొచ్చేసరికి ఇక్కడి బండి కదలకపోవడానికి మామూలుగా కారణం ఇదే.

రకాలు

పరిమాణాన్ని బట్టి మూడు వర్గాలు స్థూలంగా అందరూ ఒప్పుకునేవి. యూరప్‌లో ఈ తరహా బ్యాటరీ బండ్లకున్న ఈఎన్ 12184 ప్రమాణం కూడా ఏ, బీ, సీ అని మూడు తరగతులే చేసింది. ‘ఏ’ ఇంట్లో తిరిగేందుకు, ‘బీ’ ఇంట్లోనూ కొంత బయటా, ‘సీ’ ప్రధానంగా బయటకు.

ప్రయాణ రకం. కారు డిక్కీలో పెట్టుకునేది. సీటు, బ్యాటరీ, బుట్ట, ముందుభాగం, వెనకభాగంగా విడిపోతుంది, లేదా మొత్తంగా మడతపడుతుంది. విడదీసే రకం మొత్తం బరువు 35 నుంచి 50 కిలోలు ఉండవచ్చు. ఇందులో కొనేవారు అడగాల్సిన ప్రశ్న మొత్తం బరువు కాదు, అన్నిటికంటే బరువైన ముక్క ఎంత అన్నది. ఎందుకంటే దాన్ని డిక్కీలోకి ఎత్తాల్సింది మామూలుగా అరవై ఏళ్లు దాటిన భార్యో భర్తో. చాలావాటిలో ఆ ముక్క 15 కిలోల దగ్గర ఉంటుంది. మోటారు ఉన్న వెనకభాగమే అది.

మధ్యరకం. సీటు మెత్తగా ఉంటుంది, చక్రాలు పెద్దవి, నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ ఎక్కువ. విడదీయవచ్చు గానీ రోజూ విడదీసే బండి కాదు.

భారీ రకం. సస్పెన్షన్, లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు ఉంటాయి. 180 నుంచి 225 కిలోల బరువును మోసేవి దొరుకుతాయి. మామూలు ఇంట్లోకి ఇవి రావు. షెడ్డు గానీ సెల్లార్‌లో చోటు గానీ ఉండాలి.

మూడు చక్రాలా, నాలుగు చక్రాలా అన్నది వేరే విభజన. మూడు చక్రాల బండి తక్కువ చోటులో తిరుగుతుంది, ముందు కాళ్లకు చోటు ఎక్కువ. వేగంగా మలుపు తిప్పినా, ఎగుడుదిగుడు నేలమీద పక్కకు వాలినా బోల్తాపడే ప్రమాదం దీనికే ఎక్కువ. నాలుగు చక్రాలది నిలకడగా ఉంటుంది, తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. మూడు చక్రాల చిన్న రకం మలుపు వ్యాసార్ధం సుమారు 80 నుంచి 110 సెంటీమీటర్లు, నాలుగు చక్రాలవాటికి 110 నుంచి 150 దాకా ఉంటుంది. ఒకే ఊపులో వెనక్కి తిరగాలంటే ఆ వ్యాసార్ధానికి రెట్టింపు వెడల్పు కావాలి. 90 సెంటీమీటర్ల బండికి కూడా దాదాపు ఆరడుగుల వరండా ఉండాలన్నమాట.

ఎవరికి తగును

ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలగాలి. సీటులోకి ఎక్కి దిగడం ఒంటరిగా గానీ కొద్ది సాయంతో గానీ చేయగలగాలి. రెండు చేతులు ముందుకు చాచి హ్యాండిల్ తిప్పే బలం, పట్టు ఉండాలి. ఎదురుగా వచ్చేది కనబడాలి, వినబడాలి, దూరం అంచనా వేయగలగాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా స్కూటరుకు డబ్బు ఇచ్చే ముందు దాదాపు ఇవే చూస్తుంది: హ్యాండిల్ నడపగలరా, భద్రంగా ఎక్కి దిగగలరా, కుదురుగా కూర్చోగలరా అని.

పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారికి, మెడ కింది నుంచి చచ్చుబడినవారికి, గంటలకొద్దీ కూర్చోవడం వల్ల పుండ్లు పడే ప్రమాదం ఉన్నవారికి ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ తగినది. మతిమరుపు వ్యాధి ముదిరినవారికి ఏదీ తగదు. జబ్బు క్రమంగా పెరిగే రకమైతే, ఇవాళ్టి బలానికి సరిపోయిన స్కూటర్ రెండేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు. ఖరీదైన భారీ రకం కొనేముందు ఇది ఆలోచించాలి.

మరో కోణం కూడా ఉంది. నడవగలిగినవారు నడక పూర్తిగా మానేస్తే కండరాల బలం మరింత తగ్గుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టులు దీన్ని దూరాలకే వాడమంటారు, వంటింట్లోంచి హాలుకు కాదు.

ఎంపిక: ముందు ఇల్లు, తర్వాత బండి

దుకాణంలో నున్నటి గచ్చు మీద నడిపినప్పుడు ఏ బండైనా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష ఇంటి దగ్గర. కాబట్టి బండి చూడకముందే టేపు పట్టుకుని నాలుగు చోట్ల కొలవాలి.

గడప. తెలుగు ఇళ్లలో మొదటి అడ్డంకి ఇదే. చిన్న ప్రయాణ రకాల అడుగున ఖాళీ 4, 5 సెంటీమీటర్లే ఉంటుంది. పసుపు కుంకుమలు పెట్టే చెక్క గడప అంతకంటే ఎత్తుగా ఉండటం మామూలే. చక్రం ఎక్కినా అడుగుభాగం గడపకు తగిలి బండి మధ్యలో ఊగిసలాడుతుంది. గడపకు అటూ ఇటూ ఏటవాలు చెక్కలు పెట్టడం పరిష్కారం. గడప తీసేయాల్సిన పని లేదు.

తలుపు, లిఫ్టు. సార్వజనిక సౌలభ్యానికి కేంద్రం 2021లో విడుదల చేసిన మార్గదర్శకాలు తలుపుకు 900 మిల్లీమీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలంటాయి. పాత ఇళ్లలో బాత్రూమ్ తలుపు అంతకంటే బాగా ఇరుకుగా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో తలుపు వెడల్పుతో పాటు లిఫ్టు లోపలి పొడవు కూడా కొలవాలి. బండి పట్టినా మనిషి కాళ్లు బయటకు మిగిలితే లాభం లేదు. బ్రిటన్‌లో బస్సుల్లోకి అనుమతించే స్కూటర్ కొలత 600 మిల్లీమీటర్ల వెడల్పు, 1000 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలత దాటని బండి చాలాచోట్ల ఇమిడిపోతుంది.

వాలు. 1:12 వాలు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, మన మార్గదర్శకాల్లోనూ అమెరికా ప్రమాణాల్లోనూ ఉన్న లెక్క. కోణంలో చెబితే 5 డిగ్రీలకు కాస్త తక్కువ. స్కూటర్లకు తయారీదారులు చెప్పే హద్దు ఎక్కువగా 6 నుంచి 10 డిగ్రీలు. మన వీధుల్లో కారు ఎక్కడానికి గేటు ముందు కట్టే చప్టా అడుగు ఎత్తుకు మూడడుగుల పొడవే ఉంటే అది 18 డిగ్రీలు. అలాంటి వాలు మీద బండి ఎక్కకపోవడం చిన్న సమస్య. ఎక్కుతూ వెనక్కి తిరగబడటం పెద్ద సమస్య. వెనక చక్రాల వెనుక ఉండే చిన్న చక్రాలు దాన్ని అడ్డుకోవడానికే ఉన్నాయి. అవి అడ్డొస్తున్నాయని విప్పేయకూడదు.

ఛార్జింగ్ చోటు. బ్యాటరీ బండి నుంచి విడిగా వస్తుందా, వస్తే బరువెంత అని అడగాలి. సెల్లార్‌లో ప్లగ్గు లేని అపార్ట్‌మెంట్‌లో ఇదే నిర్ణయాత్మకం. విడిగా వచ్చే బ్యాటరీని ఫ్లాటులోకి తెచ్చుకుని ఛార్జి చేయవచ్చు. రాని బ్యాటరీ అయితే బండిని మొత్తంగా పైకి తేవాలి.

ఇల్లు కుదిరాక మనిషి. నడిపేవారి బరువుతో పాటు సంచులు, ఆక్సిజన్ సిలిండరు లాంటివాటి బరువు కలిపి, బండి హద్దుకు కనీసం పదో వంతు లోపల ఉండేలా చూడాలి. సీటు మీద కూర్చున్నప్పుడు పాదాలు పలక మీద పూర్తిగా ఆనాలి, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, చేతులు పూర్తిగా చాస్తే తప్ప హ్యాండిల్ అందకపోతే ఆ బండి వద్దు. చీర కట్టుకునేవారు, పంచె కట్టుకునేవారు కూర్చుని చూసేటప్పుడు కుచ్చిళ్లు, అంచు చక్రాల దగ్గరకు పోతున్నాయేమో గమనించాలి. చక్రాల మీద కప్పు బాగా కిందిదాకా ఉన్న నమూనా వీరికి మంచిది.

టైర్లు రెండు రకాలు. గాలి నింపే టైరు గతుకులను మింగుతుంది, పంక్చరు అవుతుంది. గట్టి రబ్బరుది పంక్చరు కాదు, ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. వెన్నునొప్పి ఉన్నవారికి మొదటిదే నయం.

చివరి షరతు సర్వీసింగ్. కంట్రోలరు, ఛార్జరు, బ్రేకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, మెకానిక్కు ఇంటికి వస్తాడా అన్నది కొనకముందే తేలాలి. సొంతంగా విదేశం నుంచి తెప్పించుకున్న బండి చెడిపోతే చౌకగా వచ్చిన లాభమంతా అక్కడే పోతుంది.

విదేశాల్లో చట్టం

బ్రిటన్‌లో 1988 నాటి నిబంధనలు ఈ బండ్లను తరగతులుగా విడదీశాయి. రెండో తరగతివి ఫుట్‌పాత్ మీద గంటకు 4 మైళ్లు, అంటే సుమారు 6.4 కిలోమీటర్ల లోపు నడవాలి. మూడో తరగతివి రోడ్డు మీద 8 మైళ్ల దాకా పోవచ్చు. అవి ఫుట్‌పాత్ ఎక్కితే 4 మైళ్లకు తగ్గాలి. వాటిని నడిపేవారికి 14 ఏళ్లు నిండాలి, బండిని రిజిస్టరు చేయించాలి. డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. బీమా తప్పనిసరి కాదు.

జపాన్‌లో హద్దు గంటకు 6 కిలోమీటర్లు. ఆ హద్దులో ఉంటే చట్టం దృష్టిలో నడిపేవారు పాదచారులే. జర్మనీలో 15 కిలోమీటర్ల దాకా వేగం ఉండవచ్చు. 6 దాటితే బీమా పలక తగిలించాలి.

అమెరికాలో 2011 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన ఏడీఏ (అక్కడి వికలాంగుల చట్టం) నిబంధనల ప్రకారం, నడవలేనివారి కోసమే తయారైన బ్యాటరీ బండిని వీల్‌చెయిర్‌తో సమానంగా చూడాలి. పాదచారులు తిరిగే ప్రతి బహిరంగ ప్రదేశంలోకీ దాన్ని రానివ్వాలి. మెడికేర్ పార్ట్ బీ కింద ఖర్చులో కొంత రావాలంటే డాక్టరు ముఖాముఖి పరీక్షించి, ఇంట్లో తిరగడానికే అది అవసరమని రాయాలి. బజారుకు వెళ్లడానికి అంటే చెల్లదు. తెలుగు కుటుంబాల్లో తరచూ వచ్చే సందేహం ఒకటుంది. విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు మెడికేర్ వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్న 65 ఏళ్లవారు కూడా అమెరికాలో వరుసగా అయిదేళ్లు నివసించాకే పార్ట్ బీలో చేరగలరు. పెద్ద దుకాణాల వాకిట్లో ఉండే బుట్ట బిగించిన బ్యాటరీ బండ్లు మాత్రం ఆ దుకాణంలో తిరగడానికి ఎవరికైనా ఉచితం. మనవారిలో చాలామంది ఈ బండిని మొదటిసారి చూసేది, నడిపేది అక్కడే.

విమాన ప్రయాణం

స్కూటర్‌ను విమానంలో పంపాలంటే బ్యాటరీ రకం కీలకం. తీసివేసే వీలున్న లిథియం బ్యాటరీ అయితే, అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నిబంధన ప్రకారం అది 300 వాట్ అవర్లు మించకూడదు. రెండు బ్యాటరీలు వాడే బండికి ఒక్కోటి 160 దాటకూడదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఈ అంకె వస్తుంది. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లు అయితే 288, హద్దులోనే ఉంది. అదే 24 వోల్టులకు 15 అయితే 360, తీసివేసే బ్యాటరీగా దాన్ని ఒప్పుకోరు. తీసిన లిథియం బ్యాటరీ క్యాబిన్‌లోకే రావాలి, చెక్ చేసిన సామానులోకి పోకూడదు. టికెట్ కొనేటప్పుడే విమాన సంస్థకు చెప్పి, బ్యాటరీ మీది అంకెల ఫొటో దగ్గర ఉంచుకోవడం మేలు.

భారతదేశంలో చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లో మొదట ‘ఇన్వాలిడ్ క్యారేజ్’ అన్న నిర్వచనం ఉండేది. వికలాంగుల కోసమే ప్రత్యేకంగా నిర్మించిన బండికే అది వర్తించేది, మార్పులు చేసినదానికి కాదు. 2019 సవరణ దాని స్థానంలో ‘అడాప్టెడ్ వెహికల్’ అన్న మాట తెచ్చి, మార్పులు చేసిన బండిని కూడా కలిపింది. పక్క చక్రాలు బిగించిన స్కూటీ ఈ నిర్వచనంలోకి వస్తుంది.

మొబిలిటీ స్కూటర్ అని విడిగా తరగతి మన చట్టంలో లేదు. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం, 0.25 కిలోవాట్ లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ బండిని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. పెద్ద మోటారున్న నమూనా కొనేవారు ఈ ధ్రువపత్రం సంగతి తప్పక అడగాలి. వికలాంగుల బండ్లు, మోటారు ఉన్నా లేకున్నా, జీఎస్‌టీలో 5 శాతం శ్లాబులో ఉన్నాయి. బిల్లులో అంతకంటే ఎక్కువ వేస్తే కారణం అడగవచ్చు.

చట్టం ఒప్పుకున్నా దారి ఒప్పుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకం (ఐఆర్‌సీ:103) ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని, నడిచే భాగం వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని చెబుతుంది. స్కూటర్లు ఎక్కగల గట్టు ఎత్తు 50 నుంచి 100 మిల్లీమీటర్లే. అంటే నిబంధన ప్రకారం కట్టిన ఫుట్‌పాత్‌ను కూడా కూడలి దగ్గర వాలు లేకుండా ఈ బండి ఎక్కలేదు. అందువల్ల హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో దీనికి నిజంగా అనువైన చోట్లు గేటెడ్ కమ్యూనిటీలు, పెద్ద ఆసుపత్రులు, మాల్స్, విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, వృద్ధాశ్రమాలు. రోడ్డు మీద దూరాలు తిరగాల్సినవారికి మరో దారి వీల్‌చెయిర్‌కు ముందు తగిలించే మోటారు భాగం. ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకుని 2021లో విడుదలైన నియోబోల్ట్ అలాంటిదే. దాని గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఇంటికి చేరాక ఆ భాగం విప్పేస్తే అది మళ్లీ మామూలు వీల్‌చెయిర్ అవుతుంది.

నిర్వహణ, భద్రత

వానలో నడపడానికి ఈ బండ్లను తయారుచేయలేదు. జల్లుకు తట్టుకుంటాయి గానీ, నిలిచిన నీళ్లలోకి దిగితే మోటారు, కనెక్షన్లు పాడవుతాయి. కడగడానికి పైపు వాడకూడదు, తడిగుడ్డతో తుడవాలి. టైరు గాలి, సీటు తాళం, హ్యాండిల్ బిగింపు నెలకోసారి చూసుకోవాలి. లిథియం బ్యాటరీకి తయారీదారు ఇచ్చిన ఛార్జరే వాడాలి. ఛార్జింగ్‌లో ఉన్న బండిని బయటికి పోయే ఒకే ఒక్క దారికి అడ్డంగా పెట్టకూడదు. దిగేటప్పుడు తాళం తీసేయాలి. లీవరుకు మోచెయ్యి తగిలి బండి కదలడం చాలా ఇళ్లలో జరిగే ప్రమాదం.

ప్రభుత్వ సాయం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన వైకల్యాలు 21. వికలాంగుల ఉపకరణాల కోసం కేంద్రం నడిపే ప్రధాన పథకం 1981 నాటి ఏడీఐపీ. కాన్పూరులో 1972లో నెలకొన్న అలింకో సంస్థ దీనికి కావాల్సినవాటిలో ఎక్కువ భాగం తయారుచేస్తుంది. తీవ్రమైన వైకల్యం ఉన్నవారికి మోటారు మూడు చక్రాల బండ్లు ఈ పథకం కింద అందుతాయి. వయసు మీదపడి నడవలేనివారిది వేరే లెక్క. వారి కోసం పెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులోనే మొదలైంది. చేతికర్ర, వాకర్, మోచేతి కర్రలు, వీల్‌చెయిర్, వినికిడి యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు దాని తొలి జాబితాలో ఉన్నాయి. మొబిలిటీ స్కూటర్ ఆ జాబితాలో లేదు.